గిన్నెల పొడి మానేసిన ఏడాది

శంషాబాద్‌లో ఒక గల్లీ మొత్తాన్ని, లెక్కకు నలభై ఇళ్లను, గిన్నెలు తోమే పొడి నుంచీ ఫినాయిలు నుంచీ బాత్రూం యాసిడ్ నుంచీ విడిపించి, కుంకుడుకాయల వైపు, బూడిద వైపు నడిపించినవాణ్ణి నేనే. ఇవాళ పెద్ద పెద్ద దుకాణాల్లో ఆకుపచ్చ అక్షరాలు రాసిన సీసాల్లో అమ్ముతున్న వస్తువును నేను తొంభైల్లోనే ఇంటింటికీ ఊరికే పంచాను. ఆ రోజుల్లో నేను గల్లీలోకి వస్తుంటే ఆడవాళ్లు కొంగు సర్దుకుని పక్కకు తప్పుకునేవారు. భక్తితో.

ఈ సంగతి చాలా పెళ్లిళ్లలో, రెండు మూడు రైలు ప్రయాణాల్లో చెప్పాను. విన్నవాళ్లెవరూ కాదనలేదు. కాగితం మీద పెట్టేసరికి మాత్రం కలం మొరాయిస్తోంది. అందుకని మొదటినుంచీ చెబుతాను. ఎక్కడ సాగదీశానో అక్కడ నేనే ఆగి ఒప్పుకుంటాను. అన్నిచోట్లా ఆగుతానని మాత్రం మాట ఇవ్వను.

మాది కోస్తా వైపు ఊరు. ఉద్యోగం కోసం ఇటు వచ్చాం. గగన్‌పహాడ్‌లో హైవే పక్కన ఒక చిన్న ఫ్యాక్టరీ ఉండేది. గిన్నెలు తోమే పొడి, ఫినాయిలు, యాసిడ్ అందులో తయారయ్యేవి. నేను ప్యాకింగ్ చూసేవాణ్ణి. సాయంత్రం బస్సెక్కితే నా పక్కన కూర్చున్నవాడు రెండుసార్లు తుమ్మి, లేచి వెళ్లి నిలబడేవాడు. నా చొక్కా మీద ఎప్పుడూ సన్నటి తెల్లటి పొడి. నిమ్మకాయ వాసన వేసేది గానీ, ఆ పొడి నిమ్మకాయ మొహం ఎన్నడూ చూసి ఎరగదు.

శంషాబాద్‌లో రోడ్డుకు లోపలగా ఒక గల్లీలో కిరాయికి ఉండేవాళ్లం. ముందు వాటాలో ఇంటి ఓనరమ్మ, వెనక రెండు గదుల్లో నేనూ నా భార్యా. ఆ ఊరు నాకిప్పుడు సగం నిద్రలో చూసినట్టుగా గుర్తొస్తుంది. ఇప్పుడు విమానాలు దిగే వైపంతా అప్పుడు గుండ్రాళ్లూ సీతాఫలం తుప్పలూ ద్రాక్షతోటలూ. చలికాలం పొద్దున తలుపు తీస్తే మంచులో రాళ్లు కనిపించేవి కావు. ఎండ పొడిచేకొద్దీ ఒక్కొక్క రాయీ మెల్లగా వచ్చి తన చోట కూర్చునేది. అంతవరకూ అవి ఎక్కడ తిరిగి వచ్చాయో అని నాకు నిజంగానే అనుమానంగా ఉండేది.

ప్యాకింగులో అంచు చిరిగిన పొట్లాలు బయటికి అమ్మరు. అవి మా ఇంటికి వచ్చేవి. మంచం కింద పొడి, గూట్లో పొడి, బియ్యం డబ్బా వెనక ఫినాయిలు. మా ఇంట్లో గిన్నెలు తళతళలాడేవి. గచ్చు ఘాటుగా ఉండేది. ఇంటికి చుట్టాలొస్తే "ఏంటోయ్, ఆస్పత్రి వాసన" అనేవారు. నేను దాన్ని మెప్పు కిందే జమకట్టుకునేవాణ్ణి.

నా భార్య పట్టుచీరలకు ఫాల్ కుట్టేది. అంచు మడత మీద ఆమె వేసే కుట్టు పైకి కనిపించేది కాదు. చీర తిప్పి చూసినా ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలిసేది కాదు. షాద్‌నగర్ నుంచి కూడా పెళ్లి చీరలు పట్టుకుని బస్సులో వచ్చేవారు. మధ్యాహ్నం గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని, ఒడి నిండా ఎవరిదో పట్టు పరుచుకుని, ఆమె కుడుతుంటే ఇంట్లో గడియారం కూడా నెమ్మదించినట్టు ఉండేది. ఆదివారాల్లో నేను పేపరు చదువుతున్నట్టు నటిస్తూ అది చూస్తూ కూర్చునేవాణ్ణి. ఇది మాత్రం సాగదీసింది కాదు.

ఒక ఏడాది వానలు మొదలయ్యేసరికి ఆమె వేళ్లు పగలడం మొదలుపెట్టాయి. మొదట కణుపుల దగ్గర, తర్వాత అరచేతుల్లో. వేళ్ల కొసలు గరుకుగా, మొక్కజొన్న పొట్టులా లేచాయి. రాత్రిపూట కొబ్బరినూనె రాసుకుని పడుకునేది. పొద్దున మళ్లీ గిన్నెలు, మళ్లీ మా ఫ్యాక్టరీ పొడి.

ఒక మధ్యాహ్నం నెమలికంఠం రంగు చీర ఒకటి ఒళ్లో వేసుకుని కూర్చుంది. చేత్తో మడత సవరించబోయింది. వేలి మీద లేచిన చర్మానికి పట్టు పోగు ఒకటి తగులుకుంది. చెయ్యి తీసేలోపల జానెడు పొడవున పోగు లేచి వచ్చేసింది. ఆమె సూది గుచ్చి పక్కన పెట్టింది. ఆ పోగును సూదిమొనతో లోపలికి తోయడానికి సాయంత్రం దాకా ప్రయత్నించింది. తర్వాత చీర మడిచి, పాత దుప్పట్లో చుట్టి, నాతో అంది:

"ఏవండీ, ఇక పట్టు తీసుకోను. నూలు చీరలుంటే కుడతాను. లేకపోతే అదీ లేదు."

"నాలుగు రోజులు పోతే తగ్గుతుందిలే."

"తగ్గేది కాదు. మీ పొడి ముట్టుకోవద్దన్నాడు దవాఖానలో డాక్టరు."

నాకు కోపం వచ్చింది. చేతుల సంగతి వెనక్కి పోయింది. మా పొడినంటాడా! ఆ డాక్టరుకు ప్యాకింగ్ గురించి ఏం తెలుసు! గోలెంలో నీళ్లు పోసి, గుప్పెడు పొడి కలిపి, మోచేతిదాకా చెయ్యి ముంచి, గంటసేపు కదలకుండా నిలబడ్డాను. చర్మం ఎర్రబడినా పళ్లు బిగించి నిలబడ్డాను.

గంట కాదు. రెండు నిమిషాలు. మణికట్టు దాకానే. దురద పెడితే తీసేసి లాల్చీకి తుడుచుకున్నాను. అప్పటికి నాకు అర్థమైంది, కానీ అయినట్టు చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఓనరమ్మ వచ్చింది. ఆమెకు యాభై దాటి ఉంటాయి, నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల మొహంలోకి కాకుండా వాళ్ల ఇంట్లోకి చూసేది. ఒక చేతిలో జల్లెడ పట్టిన బూడిద ఉన్న ఇనప తట్ట, కొంగులో మూటగట్టిన కుంకుడుకాయలు.

"ఏంది చెల్లె, చేతులు గిట్ల చేసుకున్నవ్? ఏదీ, చూడనియ్."

నా భార్య చేతులు చాపింది. ఓనరమ్మ వాటిని తిప్పి చూసి, నా వైపు తిరిగింది.

"సారూ, నీ ఫ్యాక్టరీల ఏం మందు కలుపుతరో గని, జర ఇంట్లకు తేవుడు బంద్ జెయ్. ఇగో, గిన్నెలకు బూడిద. చీరలకు కుంకుడురసం. గచ్చుకు ఉత్త నీళ్లల్ల ఇంత ఉప్పు. గంతే."

"ఊళ్లో అందరూ మా పొడే వాడుతున్నారు కదండీ" అన్నాను.

"ఎవరు వాడుతున్నరు?"

"అందరూ."

"గీ గల్లీల నీ ఇల్లొక్కటే సారూ. మిగిలినోళ్లందరం మా అత్తల కాలం నుంచి బూడిదే. నీ పొడి కొననీకి మాకేం పరేషాన్ పట్టింది?"

ఇక్కడ ఆగాలి. మొదట్లో నలభై ఇళ్లు అన్నాను కదా. మా గల్లీలో ఉన్నవి పదకొండు ఇళ్లు. అందులో పది ఇళ్లు నేను ఎవరినీ ఎక్కడికీ నడిపించకముందే అక్కడే ఉన్నాయి. మారవలసింది ఒక్క ఇల్లు. అది మాది. ఆడవాళ్లు పక్కకు తప్పుకునేవారన్నది నిజమే. నా చొక్కా వాసన అలాంటిది.

ఆ రోజు నుంచి నేను మారిపోయాను. మారడమంటే మామూలుగా కాదు. మా మేనేజరు ఎదుట నిలబడి, పొడి పొట్లం బల్ల మీద కొట్టి, "ఇది మా ఇంటావిడ చేతుల్ని తినేసింది. మీ ఉద్యోగం మీరే ఉంచుకోండి" అని వచ్చేశాను.

లేదు, రాలేదు. ఆయన ఎదుట నిలబడ్డమాట వాస్తవం. చిరిగిన పొట్లాలు ఇక నాకు వద్దని మాత్రం చెప్పాను. "ఎందుకోయ్?" అన్నాడాయన. "ఇంట్లో చోటు లేదండి" అన్నాను. ఆ తర్వాత తొమ్మిదేళ్లు అదే ప్యాకింగ్ బల్ల దగ్గర నిలబడ్డాను. పగలంతా లోకానికి పొడి కట్టి పంపేవాణ్ణి. తెల్లవారితే మా పెరట్లో బూడిద పట్టుకుని కూర్చునేవాణ్ణి.

ఆ తెల్లవారుజాములే నాకు ఎక్కువగా గుర్తు. గింజ తీసిన కుంకుడుకాయలు రాత్రి నానవేస్తే, పొద్దునకు నీళ్లు తేనెరంగుకు తిరిగేవి. చెయ్యిపెట్టి పిసికితే నురగ వచ్చేది. పొడి నురగలా బుసబుస పొంగి చల్లారేది కాదది. మెత్తగా, చిన్నచిన్న బుడగలతో, పాలు మీగడ కట్టినట్టు లేచేది. మంచులో ఎక్కడి నుంచో వెలుతురు వచ్చి ఒక్కొక్క బుడగలో చేరేది. వంగి చూస్తే ప్రతి బుడగలోనూ మా పెరడు, మా పిట్టగోడ, తలకిందులుగా నేను. ఒక్కోసారి గిన్నె సంగతి మర్చిపోయి అలా చూస్తూ ఉండిపోయేవాణ్ణి. అవతల హైవే మీద లారీలు పోతున్న చప్పుడు నీళ్ల అడుగు నుంచి వినిపిస్తున్నట్టు ఉండేది. ఒకసారి ఆ రసం కంట్లో పడి అరగంట లోకమంతా ఎర్రగా ఈదింది. అయినా మర్నాడు మళ్లీ కూర్చున్నాను.

ఏ బూడిద దేనికి మంచిదో కనిపెట్టే పని పెట్టుకున్నాను. పత్తికట్టె బూడిద ఇత్తడికి, పిడకల బూడిద స్టీలుకు, ఊక బూడిద మాడిన అడుగులకు. కొబ్బరిపీచు ఎంత మెత్తగా దంచాలి, కుంకుడురసంలో ఏ గిన్నె ఎంతసేపు నానాలి, అన్నీ ఒక పాత డైరీలో రాసుకునేవాణ్ణి. పని మొదట్నుంచి చివరిదాకా నేనే చేస్తే తప్ప తేడా తెలియదు కదా. అందుకని గిన్నెల పని మొత్తం నేనే తీసుకున్నాను. బట్టలు కూడా.

మా వైపు మగవాడు పెరట్లో కూర్చుని గిన్నెలు తోమితే ఊరు ఊరంతా నవ్వుతుంది. ఇక్కడ కూడా నవ్వుతారని రెండో రోజే తెలిసింది. పిట్టగోడ మీదుగా ఓనరమ్మ తల కనిపించింది.

"సారూ, గిన్నెలు తోముతున్నవా?"

"లేదండీ. పరిశోధన."

"ఆహా. మరి పరిశోధన అయినంక మా గిన్నెలు గూడ పంపాల్నా?"

"అవి రేపటి విడతలో చూద్దామండీ."

"రేపు వద్దుతియ్. నీ పరిశోధనకు ఇంకా జిడ్డు పోలే" అని నవ్వుకుంటూ లోపలికి పోయింది. ఆ రోజు సాయంత్రానికల్లా గల్లీలో నాకు కొత్త పేరు పడింది. అదేమిటో ఇక్కడ రాయను.

చింతపండు దగ్గర పొరపాటు జరిగింది. ఇత్తడి బిందెను నానిన చింతపండుతో రుద్దితే, నల్లబడ్డది కాస్తా అరనిమిషంలో బంగారంలా మెరిసింది. నాకు ఒళ్లు పొంగిపోయింది. ఇత్తడికి ఇంత చేసిన చింతపండు గచ్చుకు ఎంత చేయాలి! మా వాటాలో పరిచినవి షాబాద్ బండలు. ఏళ్లతరబడి కాళ్లకింద పడి, తడిగుడ్డలు పడి, చెరువునీళ్ల రంగులో నున్నబడి ఉండేవి. వేసవిలో వాటి మీద చెంప ఆనించి పడుకుంటే ఏదో లోతుల్లోకి జారిపోతున్నట్టు నిద్ర పట్టేది. ఓనరమ్మ పోయిన భర్త తాండూరు వైపు నుంచి లారీలో తెప్పించి, ఒక్కొక్క బండా కొట్టి చూసి వేయించాడట.

ఒక ఆదివారం మామిడిపల్లిలో పెళ్లికి వెళ్తూ, ముందుగదిలో చింతపులుసు చిక్కగా పోసి, చీపురుతో పరిచి, నానుతుందని తలుపు వేసి వెళ్లాను. నా భార్య అడిగింది, "బండలకు అది పడుతుందంటారా?" అని. "సహజమైనదానికి పడకపోవడం ఏమిటి?" అన్నాను. ఈ మాట అప్పట్లో నేను రోజుకు పదిసార్లు అంటుండేవాణ్ణి.

సాయంత్రం వచ్చి కడిగితే బండలు తెల్లబోయాయి. నీళ్లరంగు లేదు, నునుపు లేదు. పులుసు పారిన దారులన్నీ తెల్లగా, గరుకుగా, బొల్లి మచ్చల్లా తేలాయి. ఓనరమ్మ గడప దగ్గర నిలబడి గదంతా చూసింది. తర్వాత వంగి ఒక మచ్చ మీద అరచెయ్యి ఆనించింది.

"షాబాద్ బండ మీద పులుపు పోస్తరా ఎవరన్న? సున్నపు రాయి గది. పులుపు వడితె కరుగుతది. చదువుకున్నోనివి, గంత కూడ తెల్వదా?"

"తెలియదండీ."

"మరి తెల్వకపోతె అడగాలె. ఆకుల్నుంచి కాయల్నుంచి వచ్చిందంతా మంచిదే అనుకుంటే ఎట్ల? ఉమ్మెత్తకాయ గూడ కాయే గద."

సానరాయి తెచ్చి, నీళ్లు పోసుకుంటూ, ఎనిమిది ఆదివారాలు ఒక్కణ్ణే ఆ గది మొత్తం రుద్దాను. ఎనిమిది కాదులెండి, రెండు. మూడో ఆదివారం నడుము పట్టేస్తే మేస్త్రీ వచ్చాడు. రంగు చాలావరకు తిరిగొచ్చింది. కిటికీ కింద ఒక మచ్చ మాత్రం మేం ఖాళీ చేసేదాకా అలాగే ఉంది. ఓనరమ్మ కిరాయి పెంచలేదు. ఆమె మా గదిలోకి వచ్చిన ప్రతిసారీ ముందు దాని వైపే చూసేది. అదే ఎక్కువ.

చలి మొదలైంది. ఒక పొద్దున నేను బూడిద చేతులతోనే లోపలికి వస్తే, నా భార్య గుమ్మం దగ్గర వెలుతురులో నిలబడి ఉంది. పెట్టెలోంచి తన పెళ్లి పట్టుచీర తీసి, మడత విప్పకుండా, దానిమీద అరచెయ్యి ఈ చివర నుంచి ఆ చివరకు పోనిచ్చింది. చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఏదీ తగులుకోలేదు. నీళ్ల మీద ఆకు పోయినట్టు పోయింది. మళ్లీ ఈ చివరకు తెచ్చింది. మళ్లీ పోనిచ్చింది. నేను చూస్తున్నానని ఆమెకు తెలియదు. ఊపిరి గట్టిగా తీస్తే ఆ పొద్దు చెదిరిపోతుందేమోనని కదలకుండా నిలబడ్డాను. నా వేళ్ల నుంచి బూడిద నీళ్లు బొట్లు బొట్లుగా బండ మీద పడుతున్నాయి. పులుపు కాదు, బూడిదే. బండకేం కాదు.

ఆ వారమే షాద్‌నగర్ నుంచి ఒక పెళ్లివారు ఏడు పట్టుచీరలు తెచ్చారు. ఆమె ఏడూ తీసుకుంది.

అలా కుంకుడుకాయా బూడిదా కలిసి, ఏ మందూ మాకూ లేకుండా, నా భార్య చేతుల్ని ఆమెకు తిరిగి ఇచ్చాయి. వాటిని ఇంట్లోకి తెచ్చింది ఓనరమ్మే అయినా, శాస్త్రీయంగా పరీక్షించి, మోతాదులు తేల్చి, నిలబెట్టిన ఘనత కొంత నాకూ దక్కాలి. ఇంతవరకు రాసి, ఒప్పుకోవలసినవన్నీ ఒప్పుకున్నానని తృప్తిపడి, కాగితాలు ఆమె చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని చదివింది. ఎక్కడా నవ్వలేదు. బండల దగ్గర ఒకసారి తల ఊపింది. చివరిదాకా చదివి, కాగితాలు సర్ది నా ముందు పెట్టింది.

"ఇదంతా తప్పు" అంది.

"ఏది తప్పు? నలభై ఇళ్లు కావని ఒప్పుకున్నాను కదా."

"ఇళ్ల సంగతి కాదు. బూడిద నా చేతులకు పడనేలేదండీ. మొదటి నాలుగు రోజులు నేనే తోమాను కదా, ఉన్న పగుళ్లు ఇంకా విచ్చుకున్నాయి. మంచం మీద కూర్చుని ఏడ్చాను. ఆ మర్నాటి నుంచే మీరు పెరట్లో కూర్చోవడం మొదలుపెట్టారు. నాలుగు నెలలు నన్ను నీళ్లలో చెయ్యి పెట్టనివ్వలేదు. అన్నాళ్లు తడి తగలకపోతే ఎవరి చేతులైనా మానతాయి. కుంకుడుకాయ కాదు, మోతాదులూ కాదు."

నేను ఏదో అనబోయాను.

"ఆగండి. ఎవరైనా చూస్తే నవ్వుతారని దానికి పరిశోధన అని పేరు పెట్టుకున్నారు. డైరీలో రెండు పేజీలు కూడా రాయలేదు మీరు, నేను చూశాను. ఇంకోటి. మీరు తోమిన గిన్నెలకు అడుగున జిడ్డు అలాగే ఉండేది. ఆ నాలుగు నెలలూ నేను చూసీ చూడనట్టు అందులోనే వండి పెట్టాను. అది కూడా రాయండి."